లీలమ్మకు షుగర్ లేదు

ముందుగల ఒక్క మాట సాఫ్ చెయ్యాలె. దబీర్‌పురా స్టేషన్ ఎనక గల్లీల ఉండే లీలమ్మకు షుగర్ వచ్చిందని, అది సుత మామూలు షుగర్ కాదు, కాలు తీసేసేంత షుగర్ అని, నీళ్ళు పట్టుకునే నల్ల కాడ ఇద్దరు, చర్చి గేటు కాడ నలుగురు, రామలింగం కిరాణం కొట్టు ముంగట ఎందరో చెప్పుకున్నరు. అంత ఒట్టిదే. లీలమ్మకు షుగర్ లేదు, బీపీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నయ్, అవి ఈ గల్లీల ఎవలకు లేవు? మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది అంటె కొమురమ్మ నోట్ల పుట్టింది. పుట్టించినామెనే మల్ల పోయి దాన్ని సాఫ్ చేసుకున్నది కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటె తప్పు లేదు.

కొమురమ్మ పాలామె. గల్లీ చివర రేకుల కొట్టంల ఆమె బర్లుంటయ్. పొద్దుగాల క్యాను పట్టుకోని ఇంటింటికి తిరుగుతది. పాలు పోసేది ఒక్క నిమిషం, ముచ్చట పావుగంట. ఎవల ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, ఎవల పిల్లగాడు ఫెయిలయిండు, ఎవల మొగడు అలిగి బయట పండుకున్నడు, అన్నీ గిన్నె పట్టుకోని తలుపు కాడికొచ్చిన మనిషి మొఖం చూసి చెప్తది. "నువ్వు పాలు అమ్మనీకి పోతున్నవా, ఖబర్లు ఏరనీకి పోతున్నవా?" అని మొగడు పెంటయ్య అడిగితె, "పాలు అమ్మకుంటె తిండి దొరకది, ఖబరు తెల్వకుంటె నిద్ర పట్టది, ఏది మానాల్నో నువ్వే చెప్పు" అంటది. పెంటయ్య ఇప్పటిదాంక చెప్పలె.

లీలమ్మ ఇల్లు కొట్టానికి దగ్గరనే. బడిల ఆయాగ చేసేది, మోకాళ్ళు మొరాయిస్తె మానేసింది. ఆమె భర్త ఇశ్రాయేలు సంతోష్‌నగర్‌ల ఒక బట్టల దుకాణం కాడ వాచ్‌మన్. ఇశ్రాయేలు కుర్చీల ఎట్ల కదలకుంట కూసుంటడో, ఆయన జీతం సుత ఏండ్ల సంది అట్లనే కదలకుంట కూసున్నది. కులం వేరు, దేవుడు వేరు అయినా కొమురమ్మ, లీలమ్మ ఒకలనొకలు వదినె అనే పిలుచుకుంటరు.

మొన్న ఎండలు మొదలయ్యేటప్పుడు కొమురమ్మ పాల రేటు పెంచింది. సంతోషంగ పెంచలె. తవుడు పెరిగింది, పల్లి చెక్క పెరిగింది, పచ్చిగడ్డి కట్ట చిన్నగయి ధర పెద్దగయింది. ప్రతి తలుపు కాడ ముందుగల ధరలను తిట్టి, తర్వాత తన రేటు చెప్పింది. తిట్టేటప్పుడు అందరు కలిసిండ్రు. రేటు చెప్పేటప్పటికి ఒక్కతే మిగిలింది.

మర్నాడు లీలమ్మ గిన్నె లేకుంట ఒట్టి చేతులతోని తలుపు కాడికొచ్చింది.

"వదినె, ఇగ పాలొద్దు తియ్యి. సులైమానీ చాయ్ తాగుతున్నం. మస్తు మంచిగుంటున్నది."

సులైమానీ అంటె పాలు పొయ్యని ఎర్ర చాయ్. హోటల్ల అయితె బిర్యానీ తిన్నంక అరగాలెనని తాగుతరు. పొద్దుగాల లేవంగనే పరిగడుపుల అది తాగి మస్తు మంచిగుంటున్నది అన్న మనిషిని కొమురమ్మ అంతకుముందు చూడలె. నాలుక చివర దాంక వచ్చింది అడుగుదామని, "నేను రేటు పెంచినందుకా?" అని. అవునంటె ఏం చెయ్యాలె? ఒక్క ఇంటికి తగ్గిస్తె గల్లీ అంత వచ్చి కొట్టం ముంగట నిలబడ్తది. ఎవల ఇంట్ల ఏమయిందని నిలబెట్టి అడిగే కొమురమ్మ, ఆ ఒక్క మాట అడగలేక క్యాను ఎత్తుకోని పోయింది.

పోయింది గానీ మనసుల పెట్టుకుంటె కడుపు ఉబ్బుతది గదా. నల్ల కాడ "లీలమ్మ పాలు మానేసింది, షుగరేమొ" అన్నది. మూడిండ్లు దాటేటాలకు ఆ "ఏమొ" రాలిపోయింది. సాయంత్రానికి కాలు తీసేసేదాంక పోయింది.

ఇగ లీలమ్మకు మందులే మందులు. ఒకామె మెంతులు నానబెట్టిన నీళ్ళు తెచ్చింది. ఒకామె నేరేడు గింజల పొడి. పాస్టర్ భార్య సుజన రోజు పొద్దుగాల గిలాస నిండ కాకరకాయ రసం పట్టుకొచ్చి, తాగేదాంక కదలకపోయేది. లీలమ్మ తాగి, గిలాస కడిగిచ్చి, "దేవుడు నిన్ను దీవించును గాక" అనేది. మొఖం మాత్రం దీవించినట్టు లేకుండె.

కొమురమ్మ కండ్లు అప్పటిసంది లీలమ్మ ఇంటి మీదనే. నెలకొకసారి ఇద్దరు కలిసి ఆటో మాట్లాడుకోని బేగంబజార్‌కు పోయెటోల్లు. పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, సబ్బులు టోకున తెచ్చి, కొట్టం ముంగట చాప పరిచి సగం సగం పంచుకునెటోల్లు. లొల్లి లేకుంట ఒక్క నెల పంచుకోలె. "నీ చెయ్యి పెద్దది, నీ దిక్కే ఎక్కువ పడ్తున్నది" అని లీలమ్మ. "నీ కండ్లు పెద్దయి, నా దిక్కే ఎక్కువ కనవడ్తున్నది" అని కొమురమ్మ. ఈసారి పిలిస్తె లీలమ్మ, "మోకాళ్ళు వదినె, ఆటో ఎక్కలేను" అన్నది. ఆ మోకాళ్ళతోనే ఆదివారం చర్చికి నడిచి పోయింది, నడిచి వచ్చింది.

పెండ్లయినంక చుట్టాలు ఒక్కొక్కలు ఎల్లిపోయినట్టు, లీలమ్మ వంటింట్లకెల్లి ఒక్కొక్క సామాను ఎల్లిపోతున్నది. ముందుగల కందిపప్పు పోయింది. దాని ఎనకనే మంచినూనె. లీలమ్మ మిరపకాయ బజ్జీలు ఏస్తుంటె ఇశ్రాయేలు, "దబీర్‌పురాల రైలు ఆగేది స్టేషన్ ఉన్నదని కాదు, ఈ వాసనకే" అనెటోడు. ఇప్పుడు రైలు ఆగుతనే ఉన్నది, వాసన లేదు. సాయంత్రం పూట కుక్కర్ కూత సుత బంద్ అయింది. పొద్దుగాల వండిందే రాత్రికి చల్లగ తింటున్నరు, గ్యాస్ బండ ఇంకొన్ని దినాలు సాగాలె గదా. చెత్తబండి వచ్చినప్పుడు లీలమ్మ బుట్ట వంగబోస్తె, నిలువుగ కోసిన టూత్‌పేస్ట్ ట్యూబు పడ్డది. లోపల నాకినట్టు సాఫుగున్నది. కొమురమ్మ కావాల్ననే చెత్తబండి పక్కన నిలబడ్డది, అది వేరే ముచ్చట.

అనుమానం పక్కా చేసుకోనీకి రామలింగం కొట్టుకు పోయింది.

"ఏం రామలింగం, మా లీలొదినె నూనె పాకెట్ తీస్కపోతున్నదా?"

"పెద్దమ్మా, నాది కిరాణం. పోలీస్ స్టేషన్ కాదు."

"గందుకే నీ దగ్గరికొచ్చిన. కిరాణం నడిపేటోనికి తెలిసినంత పోలీసోల్లకు ఏం తెలుస్తది?"

రామలింగం అల్లం తూకమేసుకుంట గొంతు తగ్గించిండు. "చిన్న పాకెట్. అది సుత మొన్నటి సంది లేదు. ఎవలకు చెప్పకు పెద్దమ్మా."

"నేనెవలకు చెప్త?"

రామలింగం నవ్విండు, అల్లం పొట్లం కట్టిచ్చిండు.

ఇంటికొచ్చి కొమురమ్మ గడప మీద కూలబడ్డది. షుగర్ కాదు, రోగం కాదు. ధరలు. ఆ ధరలల్ల తను పెంచిన పాల ధర సుత ఒకటి. ఏదన్న చెయ్యాలె, లీలమ్మ తల దించుకోకుంట చెయ్యాలె. ఊకె పాలు పోస్తనంటె లీలమ్మ తీసుకోదు, పైంగ మాట్లాడుడు బంద్ పెడ్తది. అప్పుడు కొమురమ్మకు యాదికొచ్చింది పిడికెడు బియ్యం.

లీలమ్మ పోయే చర్చిల ఆడోల్లకు ఒక అలవాటున్నది. అన్నం వండేటప్పుడు, కడిగే ముందుగల, ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాల ఏస్తరు. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఒక సంచిల వంగబోస్తరు. ఆ సంచి గల్లీల ఏ ఇల్లు ఇబ్బందిల ఉంటె ఆ ఇంటి గడపల, తెల్లారక ముందుగల, చప్పుడు చెయ్యకుంట పెట్టి వస్తరు. ఎవలకు పోయిందని ఎవలు అడగొద్దు, తీస్కున్నోల్లు ఎవలిచ్చిండ్రని అడగొద్దు. ఏ ఇంటికో సుజనకు తెలుస్తది, మోసేది ఎన్నో ఏండ్ల సంది లీలమ్మ. లాక్‌డౌన్ల హోటల్లు మూసి పాలు కొనేటోల్లు లేనప్పుడు ఒక సంచి కొమురమ్మ గడపకు సుత వచ్చింది. పోచమ్మకు బోనమెత్తే కొమురమ్మ, ఆ దినం సంది తనింట్ల సుత ఒక డబ్బా పెట్టుకోని పిడికెడు బియ్యం ఏస్తనే ఉన్నది.

కొమురమ్మ సుజన దగ్గరికి పోయింది.

"పాస్టరమ్మా, ఈసారి సంచి లీలొదినెకు పోవాలె."

సుజన కాకరకాయలు కోస్తున్నది. కత్తిపీట పక్కకు పెట్టింది. "లీలమ్మకా? ఆమెకు షుగర్ అని గదా అత్తమ్మా."

"షుగర్ లేదు, నా మట్టి లేదు. నేనే అన్న. ఆ కాకరకాయలు ఇగ మీ ఆయనకు వండిపెట్టు." అని, నూనె పాకెట్ సంది ట్యూబు దాంక అంత చెప్పింది. ఎవలకు చెప్పనని రామలింగానికి ఇచ్చిన మాట అప్పుడు యాదికి రాలె.

"మరి మోసేదే ఆమె. నీ సంచి నీ ఇంటికే తీస్కపో అని ఎట్ల చెప్పాలె?"

"చెప్పకు. సంచి చేతికిచ్చి, ఈసారి ఎవలకియ్యాల్నో నువ్వే చూసుకో అను. అడిగేటోల్లు లేరాయె. వదినె దాన్ని వంటింట్ల పెట్టుకుంటది, తినుకుంటది. మనం ఇటు చూడం."

సుజనకు ఈ ఉపాయం మస్తు నచ్చింది. ఆదివారం అట్లనే చేసింది.

ఆ సాయంత్రం లీలమ్మ కొట్టం కాడికొచ్చి కూసున్నది. ఎన్నో దినాల తర్వాత వచ్చింది. కొమురమ్మ సంబురంల లోపటికి ఉరికి చాయ్ పెట్టుకొచ్చింది. గిలాస చేతికిచ్చినంక గానీ కొమురమ్మకు యాదికి రాలె, అది ఎర్ర చాయ్ అని. రేటు పెంచినా గడ్డికి సాలక, ఇంట్ల ఒక్క చుక్క ఉంచకుంట అమ్ముతున్నది. పెంటయ్య సుత సులైమానీయే తాగుతున్నడు.

"పాలామె ఇంట్ల సులైమానీయా?" అన్నది లీలమ్మ.

"నువ్వే గద మస్తు మంచిగుంటదన్నవ్. చూద్దామని పెట్టిన."

లీలమ్మ కొట్టం దిక్కు చూసింది. గుంజలు మూడున్నయ్, బర్లు రెండే.

"ఇంకో బర్రేది వదినె?"

"ఊరికి తోలినం. అక్కడ గడ్డి మంచిగుంటది."

"అవునా" అని లీలమ్మ చాయ్ తాగి, గిలాస బోర్లించి పోయింది. ఆమె పోయినంక కొమురమ్మ పెంటయ్యతోని అన్నది, "చూసినవా, సంచి ఇంట్ల పడంగనే వదినె మొఖంల కళ వచ్చింది." బర్రె అమ్మిన ముచ్చట బయట పడకుంట తప్పించుకున్ననని సుత మురిసింది.

తెల్లారి పాలు పిండనీకి తలుపు తీసింది. గడపల బియ్యం సంచి.

మూతికి కట్టింది లీలమ్మ పాత చీర అంచు. ఆ చీర బేగంబజార్ల కొన్న దినం బేరమాడింది కొమురమ్మనే, మర్చిపోతదా. పెంటయ్య కండ్లు నలుపుకుంట వచ్చి సంచిని చూసిండు, భార్యను చూసిండు. "నీ ఉపాయం మనింటికే నడిచొచ్చిందే" అన్నడు. కొమురమ్మకు నోట మాట రాలె. అట్లాంటి దినం పెంటయ్యకు ఏండ్లకొకసారి దొరుకుతది, అందుకే ఆయన కొట్టంలకు పోయి బర్లతోని సుత ఆ ముచ్చట చెప్పుకున్నడు.

కొమురమ్మ పాలు పిండింది. క్యాన్ల పొయ్యకముందే ఒక చెంబు నిండ తీసి పక్కకు పెట్టింది. సంచిని సంకనేసుకోని, చెంబు చేత పట్టుకోని, గల్లీ అంత చూస్తుండంగ లీలమ్మ ఇంటికి పోయింది. ఎవలు ఎవలకిచ్చిండ్రో తెల్వొద్దు అనే కట్టుబాటు ఆ దినం అక్కడనే తెగింది.

లీలమ్మ సులైమానీ వడపోస్తున్నది. డ్యూటీ నుంచి వచ్చిన ఇశ్రాయేలు మంచం మీద సాక్సులు ఇప్పుతున్నడు.

"ఇదేంది వదినె?" అని కొమురమ్మ సంచిని నడింట్ల దించింది.

"బియ్యం లెక్కున్నది."

"నా గడపకెందుకొచ్చింది?"

"అడగొద్దు గదా."

"ఇది నీకు పోవాల్నని నేను పాస్టరమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన. నువ్వేమొ నాకే పెడ్తవా?"

ఇశ్రాయేలు ఒక సాక్సు చేతిల పట్టుకోని, "ఆ సంచికి సుత డ్యూటీ ఎక్కువైంది, పాపం, కూసోనియ్యండి" అన్నడు. ఇద్దరు ఆడోల్లు ఆయన దిక్కు చూసిండ్రు. ఆయన రెండో సాక్సు బయటికి పోయి ఇప్పుకున్నడు.

కొమురమ్మ గడప మీద కూసున్నది. కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "బర్రెను ఊరికి తోలలె వదినె. అమ్మినం. చాయ్ల పోసుకోనీకి సుత పాలు మిగుల్తలేవు. నాది చెప్పిన. ఇగ నువ్వు సుత దాచకుంట చెప్పు. పాలెందుకు బంద్ పెట్టినవ్? నేను రేటు పెంచినందుకేనా?"

లీలమ్మ ఎర్ర చాయ్ గిలాసను పక్కకు జరిపింది. కొమురమ్మ చేతిలున్న చెంబు తీసుకున్నది.

"అవు, నువ్వు రేటు పెంచినందుకే. పప్పు పప్పాయన పెంచినందుకు, నూనె నూనాయన పెంచినందుకు, నీ పాలు నువ్వు పెంచినందుకు. నువ్వెందుకు పెంచినవో నిన్న మూడో గుంజ చూస్తె తెలిసింది. ఇందుల దాచేదేమున్నది? షుగర్ అని నేనెన్నడన్న అన్ననా? నల్ల కాడ అడిగినవ్, రామలింగాన్ని అడిగినవ్, చెత్తబండిని సుత అడిగినవ్. నన్నొక్కదాన్ని అడగలె. అడిగితె ఆ దినమే చెప్తుంటి, గంత కాకరకాయ రసం తాగే బాధ తప్పుతుండె. ఇగ లే, చాప పరువు. సగం సగం చేద్దాం. నీ చెయ్యి పెద్దది, కొలిచేది నేను."