తోసిపుచ్చలేము

మదాబాలో మా వీధి చివర మొజాయిక్ పనివాళ్ల షెడ్డు ఒకటి ఉంది. రాళ్లను శనగగింజంత ముక్కలుగా కత్తిరించి, గుడ్డ మీద గీసిన బొమ్మ ప్రకారం పిండిజిగురుతో బోర్లా అతికిస్తారు. వెనకవైపు సిమెంటు పోసి తిరగేస్తేగాని నెమలో జింకో కనిపించదు. తలుపు మీద బోర్డులో పైన అరబ్బీ ఉంటుంది, కింద ఇంగ్లీషు. వదాద్ పిన్నికి ఇంగ్లీషు రాదు. కానీ పెళ్లికి ముందునుంచీ ఆ బోర్డు కిందనుంచే పనిలోకి వెళ్లింది గనక అందులో ఒక్క మాట ఆకారం ఆమెకు తెలుసు. మొదట రెండు వంపుల అక్షరం, పక్కన సున్నా, దాని పక్కన పాము మెలిక.

ఆమె మాకు చుట్టం కాదు. మా వంటింటి గోడా వాళ్ల వంటింటి గోడా ఒకటే, అంతే. భర్త జిరైస్ అకబా ఓడరేవుకు ఫాస్ఫేటు లారీ తోలేవాడు. నెలలో పది రోజులుంటే గొప్ప. పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆమెకు ముప్పై ఆరో ఏట తాలీన్ పుట్టింది. ఆసుపత్రిలో నర్సు పిల్లను మర్నాటిదాకా తెచ్చి చూపించలేదట. తెచ్చాక కూడా మొహం చూడకుండా ఒళ్లో పెట్టి వెళ్లిపోయిందట. పిల్ల మెత్తగా, చేతిలోంచి జారిపోయేట్టు ఉంది. కళ్లు ఏటవాలుగా ఉన్నాయి. అరచేతిలో ఒకటే గీత.

నడవలో నిలబడి డాక్టరు చెప్పాడు. ఇది డౌన్ సిండ్రోమ్ కావచ్చు, రక్తం అమ్మాన్ పంపిస్తున్నాం. ఇందులో మూడు రకాలున్నాయి. ఎక్కువమందికి ఒంట్లో ప్రతి కణంలోనూ ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. కొందరికి ఆ అదనపుది వేరేదానికి అతుక్కుని ఉంటుంది. బహు కొద్దిమందికి మాత్రం కొన్ని కణాల్లోనే అదనం, మిగతావన్నీ మామూలే. దాన్ని మొజాయిక్ అంటాం. అలాంటి పిల్లలకు తెలివి కాస్త మెరుగ్గా ఉండొచ్చు.

అతను ఇంకా చాలా చెప్పాడట. పిన్ని చెవిలో ఒక్క మాటే నిలిచింది. పెళ్లికి ముందునుంచీ తను చేస్తున్న పని పేరు ఆయన నోట వినిపించింది మరి.

ఆరు వారాలకు రిపోర్టు వచ్చింది. ఆ డాక్టరు బదిలీ అయ్యాడు. కిటికీ దగ్గర గుమాస్తా కవరు చేతికిచ్చి పంపేశాడు. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. అప్పటికి నాకు పదిహేనేళ్లు. ఇంగ్లీషులో బడికి మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్లనని వీధంతా చెప్పుకునేవాళ్లు.

"హలా, ఇలా చూడు," అంటూ కాగితం మీద చివరి వరుసలో వేలు పెట్టింది. వేలికి ఇంకా రాతిపొడి ఉంది. "ఇది మా బోర్డు మీది మాటేగా?"

అదే. తోక ఇంకాస్త పొడుగు, అంతే. పై మూడు వరుసల్లో అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా ఉంటే అర్థంకాక దాటేశాను. చివరి వాక్యంలో ఒక క్రియ తెలియలేదు. నిఘంటువు తీసి చూశాను.

"'స్వల్పస్థాయి మొజాయిక్‌ను తోసిపుచ్చలేము' అని ఉంది పిన్నీ."

"తోసిపుచ్చలేమంటే ఏంటే?"

"అంటే... కాదనలేం అని."

"కాదనలేమంటే ఉందనేగా?"

కాగితం వైపు చూశాను. ఆమె మొహం వైపు చూశాను. అంత దగ్గరగా, అంత ఆశగా నా నోటివైపు ఎవరూ చూసి ఉండలేదు.

"ఉన్నట్టే పిన్నీ," అన్నాను.

ఆమె నా నుదురు ముద్దు పెట్టుకుని ఏడ్చింది. కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వంటింట్లో మరియమ్మ పటం వెనక పెట్టుకుంది.

ఆనాటినుంచి ఆమెకు ఒకటే కోరిక. తాలీన్ నేను చదివిన బళ్లో, నీలం గౌను వేసుకుని ఒకటో తరగతిలో కూర్చోవాలి. "నా తరవాత దీనికి ఎవరున్నారు చెప్పు? నోరుంటే బతుకుతుంది," అనేది. పిల్లను వీపున కట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లేది. వెనకగదిలో రాళ్లు కోసే మిషను పెద్దగా అరుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తుతారు. తాలీన్ మాత్రం దాని పక్కనే, సిమెంటు బస్తాల మీద దుప్పటి పరిస్తే, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేది.

"చూశారా, షెడ్డులో పుట్టిన పిల్లంటే ఇదీ," అని మురిసిపోయేవాడు మేస్త్రీ అబూ శుక్రీ. "మా ఇంట్లో మనవడు గ్లాసు కింద పడితే ఏడుస్తాడు. ఇదేమో రాణీగారు."

పనివాళ్ల హాస్యం మోటుగా ఉండేది. "ఏం వదాద్, మొజాయిక్ చేసీ చేసీ మొజాయిక్‌నే కన్నావుగా! ఎన్ని రాళ్లు తప్పు పడ్డాయో లెక్క చూశావా? సిమెంటు పోయకముందే చెప్పు, పటకారుతో పీకేద్దాం," అన్నాడోసారి ఒకడు.

"నీ పళ్లు పీకుతా ముందు. ఆ వంకర మూతికి సిమెంటు నేనే పోస్తా," అంది ఆమె తల ఎత్తకుండా. అందరూ నవ్వారు, ఆమె కూడా. అయినా ఆ లెక్క ఆమె మనసులో నిజంగానే ఉండేది. ఒకరోజు అడిగింది, వందలో ముప్పై తప్పు రాళ్లుంటే డెబ్బై మంచివేగా, డెబ్బై మార్కులకు బళ్లో చేర్చుకోరా అని. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అత్తగారు ఉమ్ జిరైస్‌కి ఇవేవీ పట్టవు. "రాళ్ల మధ్య కూర్చున్నదానికి రాయే పుడుతుంది," అనేది అరుగు మీద కూర్చుని బెండకాయలు తరుగుతూ.

"రాయి కాదత్తా, మొజాయిక్."

"రాయి ముక్కలైతే రొట్టె అవుద్దా?"

తాలీన్‌కు మూడేళ్లప్పుడు, అలాంటి పిల్లలకోసం చర్చి వెనక కేంద్రం నడిపే సిస్టర్ క్లారా స్వయంగా వచ్చింది. మాట నేర్పేవాళ్లున్నారు, ఏటా కళ్లూ చెవులూ రక్తమూ చూపిస్తాం, డబ్బు అక్కర్లేదు, పంపమంది.

పిన్ని వాసనకు సేజ్ ఆకు వేసిన టీ ఇచ్చి, మర్యాదగానే చెప్పింది. "మీ దగ్గరికి ఆ అదనం పూర్తిగా ఉన్నవాళ్లు వస్తారు సిస్టర్. మాది మొజాయిక్. అక్కడ వాళ్లను చూసి ఇదీ అలాగే అయిపోతుంది. కాగితం కూడా ఉంది మా దగ్గర."

నేనక్కడే ఉన్నాను, టీ గ్లాసులు కడుగుతూ. సిస్టర్ ఆ కాగితం అడగలేదు. మళ్లీ మరుసటి ఏడూ వచ్చింది, అదే జవాబు విని వెళ్లింది.

తాలీన్ నడిచింది, ఆలస్యంగా. చెంచాతో తిన్నది. మాట మాత్రం రాలేదు. "మా", "బా", నీళ్లకు "మ్మై" అనే ఒక శబ్దం, అంతే. పిన్ని రోజంతా ఆమెతో మాట్లాడుతూనే ఉండేది. రాయి కోస్తూ, పిండి కలుపుతూ, ఉల్లిపాయలు వేయిస్తూ. ఇది ఎర్రది అమ్మా, ఇది మన మాయీన్ కొండ రాయి, ఇది నల్లది, దీన్ని నెమలి కంటికి పెడతాం. పిల్ల తల్లి పెదవులనే చూస్తూ ఉండేది. ఎంత శ్రద్ధగా వింటుందో అనుకునేవాళ్లం.

ఆరేళ్లు నిండాక బళ్లో ప్రధానోపాధ్యాయురాలు అమ్మాన్ నుంచి పరీక్ష కాగితం తెమ్మంది. అది ఉంటేనే చేర్చుకుంటానంది. పిన్ని తాలీన్‌కు నీలం గౌను ముందే కుట్టించింది. అది తొడిగే తీసుకెళ్లింది. నేను తోడు వెళ్లాను.

పరీక్ష పెట్టే అమ్మాయి బల్లమీద రంగు చెక్కలు పేర్చి, అలాగే పేర్చమంది. తాలీన్ ఒక్కో చెక్కను తీసి రంగువైపు కిందికి బోర్లించి, జాగ్రత్తగా వేలితో నొక్కి, వరసగా పెట్టింది. ఆ అమ్మాయి కాగితం మీద సున్నా వేసింది.

"అయ్యో, మా పనిలో అలాగే పెడతారండీ!" అంది పిన్ని లేచి నిలబడి. "మొహం కిందికే పెడతాం. తరవాత తిరగేస్తాం."

"మీరు మాట్లాడకూడదమ్మా, కూర్చోండి."

ఆ తరవాత డాక్టర్ సుహైర్ గదిలోకి పిలిచారు. నడివయసు మనిషి, అలసిన కళ్లు. పిన్ని ప్లాస్టిక్ సంచిలోంచి పాత రిపోర్టు తీసి, గెలుపు చీటీలా బల్లమీద పెట్టింది. "ఇది మొజాయిక్ డాక్టరమ్మా. అందులో రాసే ఉంది. మామూలు లెక్కన చూడకండి."

డాక్టరు పైనుంచి కిందికి చదివింది. చదవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

"ఇరవై కణాలు చూశారమ్మా. ఇరవైలోనూ అదనం ఉంది. ఇక్కడ, మొదటి వరుసలోనే రాశారు. చివరి వాక్యం చాలా రిపోర్టుల్లో రాస్తారు. ఇరవై చూసి ఒంట్లో ఉన్న కోట్ల సంగతి ఒట్టేసి చెప్పలేం గనక అలా రాస్తారు. ఉందని కాదు." ఆమె తలెత్తింది. "దీన్ని మీకు ఎవరు చదివి చెప్పారు?"

నా కుర్చీ పిన్ని కుర్చీకి ఆనుకునే ఉంది.

"చదివినవాళ్లు సరిగ్గానే చదివారు," అంది పిన్ని. "నేనే తప్పుగా విన్నా."

నావైపు తిరగలేదు. ఆ తరవాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

డాక్టరు తాలీన్ వెనక నిలబడి రెండుసార్లు చిటిక వేసింది. తాళాలు గలగల్లాడించింది. పిల్ల గౌను బొత్తాం తిప్పుకుంటూ ఉంది.

"చెవులెప్పుడైనా చూపించారా?"

"చెవులకేం డాక్టరమ్మా, దివ్యంగా ఉన్నాయి. రాళ్లు కోసే మిషను పక్కన పడుకుంటే కదలను కూడా కదలదు."

డాక్టరు కలం కింద పెట్టింది. తను చెప్పిన మాట తనకే అప్పుడు వినిపించినట్టు, పిన్ని చేయి నోటి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

సాయంత్రానికి అన్నీ తేలాయి. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు పేరుకుపోయి ఉంది, ఏళ్ల తరబడి. నీళ్లలో మునిగి విన్నట్టు తప్ప ఆమెకు ఏ మాటా వినిపించలేదు. థైరాయిడ్ కూడా బాగా తగ్గిపోయింది. పుట్టినప్పుడు బాగానే ఉండి ఉంటుంది, ఏటా చూసి ఉంటే తెలిసేదంది డాక్టరు.

"అయితే ఇరవైకి ఇరవై తప్పు రాళ్లయితే ఇంతేనా ఇది?" అడిగింది పిన్ని.

"అదేం కాదమ్మా. అన్ని కణాల్లో అదనం ఉన్నవాళ్లలోనే కొందరు చదువుతారు, రాస్తారు. కొందరు మాటే పలకరు. అదనపు క్రోమోజోము అందరికీ ఒకటే. మిగతా జన్యువులు తల్లివీ తండ్రివీ, ఎవరివి వాళ్లవే. ఏవి తెలివికి సాయపడతాయో, ఏవి అడ్డుపడతాయో మేమింకా వెతుకుతున్నాం. పెంపకం ఉంది, చెవులున్నాయి, థైరాయిడ్ ఉంది..."

"రాయి ఒకటే, జిగురు వేరంటారు."

డాక్టరుకు అర్థం కాలేదు. అయినా తల ఊపింది. మీ రక్తం కూడా ఇస్తే ఆ పరిశోధనలో చేరుస్తామంది.

"అది ఎప్పటికి తేలుతుంది?"

"ఏళ్లు పడుతుంది."

"దీనికేమైనా పనికొస్తుందా?"

డాక్టరు తాలీన్ వైపు చూసింది. "ఈమెకు కాదు. తరవాత పుట్టేవాళ్లకు."

పిన్ని చేతి బొత్తాం విప్పి, చొక్కా చేయి పైకి మడిచింది.

తిరుగు బస్సులో తాలీన్ ఒళ్లో నిద్రపోయింది. మదాబా దారి మలుపులన్నీ అయ్యేదాకా పిన్ని కిటికీలోంచి చూస్తూనే ఉంది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి ఆమె సంచిలోంచి నువ్వుల రొట్టె తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది. "పొద్దుట్నుంచీ ఏం తినలేదు నువ్వు. తిను." నేను తిన్నాను.

చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టారు. రోజూ పరగడుపున మాత్ర. మూడో వారం తాలీన్‌ను షెడ్డుకు తీసుకెళ్తే, మిషను వేయగానే ఆ పిల్ల కెవ్వున అరిచి, రెండు చేతులతో చెవులు మూసుకుని, గోడకు తల కొట్టుకుంది. ఆరేళ్లు దాని పక్కనే నిద్రపోయిన పిల్ల. అబూ శుక్రీ పరిగెత్తి మిషను ఆపాడు. "ఏమైంది దీనికి? ఏం చేశారు పిల్లని?" అని కోప్పడ్డాడు. పిన్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

నీలం గౌను అలాగే పెట్టెలో ఉంది. బళ్లో ఖాళీ లేదన్నారు. సిస్టర్ల కేంద్రంలో చేర్చింది. మూడేళ్ల పిల్లల గదిలో కూర్చోబెట్టారు, వాళ్ల పక్కన తాలీన్ కొండలా ఉంటుంది. "మొదట్లోనే వచ్చి ఉంటే..." అని సిస్టర్ క్లారా అని ఆపేసింది. "వచ్చాంగా ఇప్పుడు," అంది పిన్ని.

మధ్యాహ్నాలు కేంద్రం నుంచి వచ్చాక పిల్ల షెడ్డులోకి రాదు. బయట మెట్టు మీద కూర్చుంటుంది. అందుకని పిన్ని తన ముక్కాలిపీట తలుపు దగ్గరికి జరుపుకుంది. మిషను ఆగిన సమయాల్లో, ఒక రాయి ఎత్తి చూపించి, "ఎర్రది," అంటుంది. ఆరేళ్లు రోజంతా చెప్పినవన్నీ మళ్లీ మొదటినుంచి చెబుతోంది. తాలీన్ ఇంకా పెదవులవైపే చూస్తుంది. అది అలవాటైపోయింది.

మొన్న సెలవులకు విశ్వవిద్యాలయం నుంచి వచ్చి షెడ్డుకు వెళ్లాను. పిన్ని ఒళ్లో మడిచిన కాగితం ఒకటుంది. కేంద్రం వాళ్లు అమ్మాన్ పంపి తెప్పించిన ఏడాది పరీక్షది. ఇంగ్లీషులో ఉంది.

"ఇటివ్వు పిన్నీ, చదువుతా."

ఆమె కాగితాన్ని ఇంకో మడత పెట్టి, చొక్కా జేబులో దోపుకుంది. "వద్దులేమ్మా, నీకెందుకు శ్రమ. మందుల షాపాయన చదివిపెట్టాడు."

ఆ షాపు బస్టాండు దగ్గరుంది. మా ఇల్లేమో ఆమె గోడ అవతల.

"ఏముందట?"

"పద్నాలుగు మాటలు పలుకుతోందట." పటకారు తీసుకుంది. "కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

లోపల మిషను మొదలైంది. మెట్టు మీద తాలీన్ చెవులు మూసుకుంది.