మురళి తెరిచి ఉంచిన ఫైలు

2023 వానాకాలం. మాదాపూర్‌లోని మా కంపెనీలో సర్వర్లు చూసుకునేది నేనే. ఒక ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు మా క్లయింటు. రక్తం దాచే ఫ్రిజ్ వేడెక్కితే మా సర్వర్ ఒక నంబరుకు ఫోన్ చేస్తుంది. ఎవరైనా ఎత్తితే చాలు, కబురు అందిందనుకుని ఊరుకుంటుంది.

ఆ ఉదయం బ్లడ్ బ్యాంకు ఇన్‌ఛార్జి యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఫ్రిజ్ గరమైంది. జర ముందొచ్చిన కాబట్టి రక్తం దక్కింది. నా నంబర్ పెట్టమని మురళి సార్‌కి ఉగాది ముందే చెప్పిన. మరి మీ మిషన్ ఎవర్కి ఫోన్ జేసింది?"

చూశాను. మురళి నంబరుకే చేసింది. ఎవరో ఎత్తారు కూడా.

మురళి మా టీమ్ మనిషి. ఉగాదికి ముందే, తెల్లాపూర్‌లో తన ఇంట్లో, పని చేస్తున్న కుర్చీలోనే గుండె ఆగి చనిపోయాడు.

"రేపు ఆపరేషన్లున్నయ్ మేడమ్. మళ్ల గరమైతే ఎట్ల?"

"ఇప్పుడే మారుస్తాను. అప్పటిదాకా ఫ్రిజ్ దగ్గర్నుంచి కదలకండి."

నంబరున్న ఫైలును విమ్ అనే ఎడిటర్‌లో తెరవబోయాను. హెచ్చరిక వచ్చింది: ఈ ఫైలును మురళి మారుస్తున్నాడు, అతని ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది.

మేనేజరు కిరణ్ తొంగి చూశాడు. "ఆ స్వాప్ ఫైలు డిలీట్ కొట్టెయ్యండి మేడమ్. అసలీ నల్ల తెర ఎడిటర్లు ఇంకా ఎవరు వాడుతున్నారు?"

"మౌసుకు చోటులేని సర్వర్ మీద మీ తాతొచ్చినా ఇదే వాడాలి. కూర్చోండి."

తెరలు రాకముందు, కంప్యూటరు జవాబు కాగితం మీద అచ్చయ్యే రోజుల్లో ఈడీ అనే ఎడిటర్ ఉండేది. దాడులు చేసే ఈడీ కాదు. అడిగిన వరసే చూపిస్తుంది; తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. దాని సంతానం ఈఎక్స్, ఆ కడుపున తెర నిండా చూపించే వీఐ, దాని పోలికతో విమ్. వంశమంతటికీ ఒకే గుణం: మనం కొట్టేది నకలు మీద. రాయమని, అంటే సేవ్ చేయమని, ఆజ్ఞ ఇచ్చేదాకా అసలు ఫైలు మారదు. ఆ నకలు పోకుండా విమ్ పక్కన దాచుకునేదే స్వాప్ ఫైలు.

"కానీ మురళి లేడు కదా మేడమ్."

"ఆ సంగతి సర్వర్‌కు ఎవరు చెప్పారు? మీరు చెప్పారా?"

లాప్‌టాప్ ఆరిపోయినా సర్వర్ మీద పనిని బతికించి ఉంచే ప్రోగ్రాం ఒకటుంది. మురళి అందులోనే పని చేసేవాడు. లోపలికి వెళ్లాను. తన నంబరు చెరిపి యాదగిరిది కొట్టాడు. చివరి అంకె లేదు. ఆ ఖాళీలో కర్సర్ మిణుకుమిణుకుమంటోంది, ఇన్ని నెలలుగా. కిరణ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మరి ఫోన్ ఎత్తిందెవరు? మురళి నంబరుకు చేశాను. మొదటి రింగుకే అతని భార్య పద్మజ ఎత్తింది.

"మనిషేనా అండీ? మిషన్ అనుకున్నాను. అప్పుడప్పుడు చేస్తుందండీ, ఫ్రిజ్ వేడెక్కిందంటూ. ఆయన లేరని చెప్తూనే ఉన్నాను. వినిపించుకోదు."

చివరి అంకె కొట్టి, రాయమని ఆజ్ఞ ఇచ్చి, బయటికి వచ్చాను. సర్వర్ మీద పని చేస్తున్నవాళ్ల జాబితాలోంచి మురళి పేరు పోయింది. పరీక్షకు ఒక కాల్ పంపితే యాదగిరి ఎత్తాడు. "వచ్చింది మేడమ్."

పద్మజకు చెప్పాను, ఇక ఆ ఫోన్ రాదని.

"రాదా అండీ? అయితే ఈ ఫోన్ ఛార్జింగ్ తీసేస్తానండీ."

మురళి పోయాక కంపెనీ గుర్తుంచుకుని ఐడీ కార్డు, లాప్‌టాప్ వెనక్కి తీసుకుంది. అతని పేరుతో ఏం తెరిచి ఉందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు మనిషి మానేసినా, పోయినా మా దగ్గర ముందు చూసేది అదే. ఫోన్ ఎత్తితే చాలదు, ఒక అంకె నొక్కాలని కూడా మార్చాం. మనిషి పోయిన సంగతి యంత్రం తనంతట తాను తెలుసుకోదు. ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి.