గడ్డి తేలిన పూట

నంద్యాల బస్టాండు ఎదుట టీ కొట్టులో నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా వంకలో నీళ్లు తాటిచెట్టంత లేస్తాయి. అవతలి గట్టు కనపడదు. నల్లమల చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తుంటాయి. ఒక మాను మీద చిరుతపులి కూడా కూర్చొని ఉంటుంది. వినేవాళ్లు నోళ్లు తెరుచుకొని టీ చల్లారబెట్టుకుంటారు. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తా. తాటిచెట్టూ లేదు, చిరుతా లేదు. నీళ్లు నా నడుం దాకా వచ్చాయి, అంతే. కానీ కూర్చున్నవాడు చావడానికి ఆ మాత్రం లోతు చాలు. ఆ రోజు మా బావ కూర్చొని ఉన్నాడు. లేచే వీలు లేకుండా.

మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే పని. బావంటే మా అక్క మొగుడు, పనిలో నాకు గురువు. ఉలి పట్టడం ఎంత నేర్పాడో, తిట్లు అంతకు రెండింతలు నేర్పాడు. అప్పటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. ఆపరేషనంటే భయం. ఆ ఎండాకాలంలో ఒక పల్లెవాళ్లకు ఆంజనేయుణ్ణి ఒప్పుకున్నాడు. ముఖం మాత్రం నన్ను ముట్టనీయలేదు. వేలితో తడుముకుంటూ, చెంప రాయికి ఆనించి చూసుకుంటూ తనే చెక్కాడు. "ఇదే నా ఆఖరు ముఖంరా. దీని తర్వాత నేను పీఠాలు చెక్కుకునేదానికే పనికొస్తా," అన్నాడు. నిలబెడితే విగ్రహం ఏనుగంత ఉంటుందని టీ కొట్టులో చెబుతాను. నా చంక దాకా వచ్చేది. ముఖం గురించి మాత్రం నేను ఎక్కువ చేసి చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

వానలు మొదలయ్యాక ఆ పల్లెవాడే ఒకడు ట్రాక్టరు తోలుకొచ్చాడు. విగ్రహానికి దెబ్బ తగలకుండా ట్రాలీలో మందంగా వరిగడ్డి పరుస్తాం. దాని మీద పడుకోబెట్టి, ముఖానికి గుడ్డ కట్టి, తాళ్లు బిగిస్తాం. ఒకడు పక్కన కూర్చొని, రాయి కదలకుండా కాలు అడ్డం పెడతాడు. అంత బరువును కాలితో ఎవడూ ఆపలేడు. అయినా మా తాతల నుంచి ఆ అలవాటు పోలేదు. ఆ రోజు కాలు పెట్టింది బావ.

వంక మీద చప్టా కాడికి వచ్చేసరికి డ్రైవరు బండి ఆపాడు. చప్టా మీద చీలమండ లోతు నీళ్లు పారుతున్నాయి.

"నీళ్లు ఎర్రగా వస్తాండాయన్నా. కొండల్లో యాడనో గట్టిగా పడినట్లుంది. కాసేపు చూద్దామా?"

"చూసేదేంది? నెత్తిన మబ్బు తునక ల్యా," అన్నాడు బావ. "ఖాళీ బండ్లు కొట్టుకపోతాయి గానీ, ఇంత రాయి ఉన్న బండిని వంక ఏం చేస్తాదిరా? పోనీ. రేపు పొద్దున ప్రతిష్ఠ."

రాతి పనివాళ్లం అందరం నమ్మేది అదే. నేనూ తలూపాను. ఆ నమ్మకం తప్పు కాదు కూడా. ట్రాలీ కొట్టుకుపోలేదు. మేము మరిచింది గడ్డిని.

నడిమధ్యకు పోగానే నీళ్లు ఒక్క ఊపున లేచాయి. ట్రాలీ వెనక చక్రం చప్టా అంచు దిగి, అక్కడ పాతిన రాయికి తగులుకొని ఆగింది. ఇంజను ఆగిపోయింది. వాలిన ట్రాలీలోకి నీళ్లు దూకి, విగ్రహం కిందున్న గడ్డిని పిడికిళ్లతో పీకినట్టు పీక్కుపోయాయి. తాళ్లు వదులయ్యాయి. రాయి మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినట్టు పక్కకు తిరిగి, బావ మోకాలి కింద కాలి మీద పడుకుంది. ఎముక టపాకాయలా పేలిందని చెబుతుంటాను. ఏమీ వినపడలేదు. బావ నోరు ముందు తెరుచుకుంది, అరుపు తర్వాత వచ్చింది.

పైకెత్తబోయాను. కదల్లేదు. డ్రైవరు ఎప్పుడు లేచాడో, ఇంజను మీదికెక్కి దండాలు పెడుతున్నాడు. గట్టు మీద అప్పటికే జనం చేరారు. సగం మంది చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఒకడైతే "అన్నా, కొంచెం ఇట్ల తిరుగు, కనపడ్ల్యా" అని కేకేశాడు. తాడు వేయండని నేను అరిచాను. తాడు కోసం ఎవరో పోయారని చెప్పారు. వాడు ఇప్పటికీ రాలేదు.

నీళ్లు బావ రొమ్ము దాకా వచ్చాయి. ఒక్కటే దారి ఉంది. విగ్రహంలో బరువంతా పీఠంలో ఉంటుంది. పాదాల దగ్గర విరగ్గొట్టి పీఠాన్ని వేరు చేస్తే, మిగతాది గడ్డపారతో లేపొచ్చు. కానీ మా సంచిలో ఉన్నవి ప్రతిష్ఠ పూట విగ్రహానికి కళ్లు చెక్కి తెరిచే సన్న ఉలులు, చిన్న సుత్తి. వాటితో కొబ్బరి చిప్ప కూడా పగలదు. సమ్మెట డ్రైవరు పెట్టెలో ఉంది.

"సమ్మెట ఇయ్యప్పా!"

"దేనికి?"

"స్వామిని పగలగొట్టేదానికి."

"నేనియ్య. నాకు పెండ్లాం బిడ్డలుండారు."

"కండ్లు తెరవని విగ్రహం దేవుడు కాదురా, రాయి!"

"అది నువ్వు మా ఊర్లో చెప్పుకోపో."

బావ కేక వేశాడు. "కొట్టొద్దురా! ముట్టుకుంటే నీ చేతులు ఇరగ్గొడతా!"

"నిన్నటిదాకా దాని కడుపు మీద టీ గ్లాసు పెట్టుకొని తాగినావు గదా బావా! ఈ పొద్దు దేవుడైపాయనా?"

"దేవుడని ఎవడన్నాడురా? అది నా పని."

విగ్రహం ముఖానికి కట్టిన గుడ్డ నీళ్లకు ఊడిపోయింది. ట్రాలీ అంచుకు ఆని పైకి లేచిన ఆ ముఖం బావ భుజం పక్కనే ఉంది, కొంచెం నవ్వుతూ. బావ దాని చెంప మీద చెయ్యి పెట్టుకొని ఉన్నాడు. నీళ్లు ఇద్దరి గడ్డాలకూ ఒక్కసారే తగిలాయి. బావ మొదటి గుక్క మింగి దగ్గాడు. డ్రైవరు అది చూశాడు. ఏడుస్తూ పెట్టె తెరిచి సమ్మెట, గడ్డపార అందించి, కొట్టేది చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

ఒక్క దెబ్బతో రెండు ముక్కలు చేశానని చెబుతుంటాను. మొదటి దెబ్బ నీళ్ల మీద పడింది. రెండోది పీఠం అంచున పడి జారింది. పైన కొట్టిన ప్రతి దెబ్బా రాయిలోంచి కింద బావ విరిగిన కాలిలోకి దిగుతోంది. ఆ అరుపుల గురించి టీ కొట్టులో ఎప్పుడూ చెప్పలేదు. నేను సమ్మెట దించేశాను.

అప్పుడు బావ తల వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశానికి పెట్టి అన్నాడు. "గాడిదా, ఆడ కాదు. ఎడమ పాదం పైన. అటు నుంచి ఇటు కొట్టు, అడ్డంగా. నా దగ్గర ఇన్నేండ్లు నేర్చింది ఇదేనా?"

చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకొని, నీళ్లలో చోటు తడిమి చూపించాడు. ఏ సందు పలచనో ఆయన వేళ్లకు తెలుసు. ఎన్ని దెబ్బలు కొట్టానో లెక్క లేదు. పాదాల దగ్గర తెగి పీఠం పల్లానికి దొర్లింది. గడ్డపార వేసి లేపాను. డ్రైవరు కళ్లు మూసుకొనే దూకి వచ్చి బావను చంకల కింద పట్టి లాగాడు. అంతా అయ్యాక జేసీబీ వచ్చి, ముగ్గురినీ తొట్టిలో ఎక్కించుకొని గట్టు మీద దించింది. జనం చప్పట్లు కొట్టారు.

నంద్యాల ఆసుపత్రిలో కాలు మోకాలి పైన తీసేశారు. మేము రాయిని రెండు పాదాలతో అదిమి పట్టి చెక్కుతాం. బావకు ఇంక పీఠాలు కూడా లేవు.

ఊరి పెద్దలు పండ్లు తీసుకొని వచ్చారు. మంచం పక్కన నిలబడి అడిగారు.

"ముందు దెబ్బ ఎవరిదప్పా? శాంతి చేయించాల."

మా అక్క మండిపడింది. "మనిషి కాలు పోయి పడుంటే అడిగేది అదా?"

"కాలు పోయింది కనపడతానే ఉంది గదమ్మా. దాన్ని అడిగేదేముంది?"

బావ నా వైపు చెయ్యి చూపాడు. "మా బామ్మర్దే. సమ్మెట యాట్లు చూస్తే తెలీదా? ఒక్కటన్నా తిన్నగా పడిందేమో చూడండి."

చూసే వీలు లేదన్నారు పెద్దలు. విరిగినది ఊళ్లో ఉంచకూడదు. అదే జేసీబీతో రెండు ముక్కలనూ కుందూ నది మడుగులో తోసేశారట. బావ గోడ వైపు తిరిగాడు. వాళ్లు పండ్లు పెట్టి పోయారు.

ప్రతిష్ఠ కాని విగ్రహానికి మేము ఫొటో తీయనివ్వం. కాబట్టి ఆ ముఖం ఇప్పుడు లోకంలో ఒక్క చోటే ఉంది. గట్టు మీద నిలబడి మమ్మల్ని ఇటు తిరగమన్నవాడు తీసిన వీడియోలో. అది ఆళ్లగడ్డంతా తిరిగి మా అక్క కొడుకు ఫోన్లోకి వచ్చింది. బావ రోజూ మంచంలో ఆ ఫోను ముక్కుకు ఆనించుకొని చూస్తాడు. తన అరుపులు ఇల్లంతా వినపడతాయి. అక్క లేచి వీధిలోకి పోతుంది.

"సౌండన్నా తీసెయ్యరాదా బావా?" అన్నాను ఒక రోజు.

"తీసేస్తే యాడ ఆపాల్నో తెలీదురా. కండ్లు సరిగా ల్యావు గదా. ఈ పెద్ద అరుపు అయినాక ముఖం కొంచెంసేపు తేలతాది. అప్పుడు నొక్కాల."

ఆయన వేలు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది. ముఖం నీళ్లలోకి పోతుంది. మళ్లీ మొదటి నుంచి పెడతాడు.