ఒక్క గాటు బేరం

టీకాల ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు అర్థమైపోయింది, సర్కారువారికి బేరం చేతకాదని. మశూచికి నాలుగు గాట్లు వెయ్యాలంటారు. నాలుగని మొదలుపెట్టి నాలుగు దగ్గరే నిలబడితే ఎవరు చెయ్యి చాపుతారు? నేను బెజవాడలో మా నాన్న బట్టల కొట్లో గద్దె మీద కూర్చుని పెరిగినవాణ్ణి. మొదట అన్న మాట మీదే ఆగిపోయే మనిషిని మా వీధిలో నేనెప్పుడూ చూడలేదు.

యుద్ధం రోజులవి. నూలు దొరక్క నేతవాళ్ళూ, సరుకు దొరక్క మా నాన్నా ఒకరినొకరు దొంగలనుకుంటున్నారు. కొట్లో ఇద్దరికి పని లేకపోయేసరికి నేను జిల్లా హెల్త్ ఆఫీసరుగారి కింద తాత్కాలికంగా టీకాలు వేసేవాడిగా కుదిరాను. ఆ డాక్టరుగారు బక్కపలచటి మనిషి. కూర్చోగా నేను చూసింది తక్కువ. ఇడ్లీ కూడా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తినేవారు. నాకు పని నేర్పిన రోజున ఒక్కటే గట్టిగా చెప్పారు.

“టీకా వేసి వచ్చేస్తే సగం పనేనయ్యా. ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళి అది పొక్కిందో లేదో చూడాలి. పొక్కకపోతే వెయ్యనట్టే లెక్క.”

తల ఊపాను. తల ఊపడానికి ఖర్చేముంది?

చల్లపల్లి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో నేతవాళ్ళ వీధి నాకు అప్పగించారు. నేను వెళ్ళేసరికి పొద్దున్నే వీధి పొడుగునా పడుగు దారాలు సాచి, రెండు వైపులా మనుషులు నిలబడి గంజి పట్టిస్తున్నారు. నన్ను చూసి ఒక్కరూ తల తిప్పలేదు. ఆ వీధిలో నాకు తెలిసింది ఒక్క మామ్మే. నా చిన్నప్పటి నుంచీ మా కొట్టుకి చీరలు తెచ్చి అమ్మే మనిషి. మా నాన్నను గంటసేపు ఏడిపించి, రెండుసార్లు మూట ఎత్తుకుని మెట్లు దిగిపోయి, మళ్ళీ ఎక్కి, తాను అనుకున్న ధరకే అమ్మి వెళ్ళేది. ఈవిడ ఒప్పుకుంటే వీధంతా ఒప్పుకుంటుందని నేరుగా ఆమె అరుగు మీదే కూర్చున్నాను. ఆమె చంకలో ఎనిమిది నెలల మనవడు.

“నాలుగా? నా మనవడేమన్నా తలుపుచెక్కేంట్రా, మేకులు దిగ్గొట్టడానికి?”

“పోనీ మూడు, మామ్మా.”

“వీడు ఏడ్చాడంటే నా కోడలు నూలు కండెలు చుట్టదు. కండెలు లేకపోతే నా కొడుకు మగ్గం ఆగిపోద్ది. తెలుసా షావుకారు పిల్లోడా?”

“రెండు.”

“ఒకటి. అదీ నీ మొహం చూసి.”

“ఒకటి చాల్లే,” అని వేశాను. అది చూసి వీధి అంతా తలా ఒకటికి ఒప్పుకుంది. మధ్యాహ్నం అన్నానికి ముందే పని పూర్తయింది. మామ్మ కొడుకు మాత్రం ఇంట్లో లేడు, నూలు కోసం ఊళ్ళు తిరుగుతున్నాడన్నారు. ఒక్కడే కదా అని వదిలేశాను. పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే తిరుగు బస్సులో, ఆ పొగలో కూర్చుని, నాలుగింటిని ఒకటికి దింపి మరీ వీధంతా చుట్టేసిన నా తెలివికి నేనే మురిసిపోయాను. తగ్గించుకున్నది వాళ్ళే, నష్టపోయిందీ వాళ్ళే అన్న సంగతి తట్టలేదు. ఎనిమిదో రోజు అక్కడికి వెళ్ళలేదు కూడా. ఇంకో ఊళ్ళో ఇంకో వీధి చేతులు దొరికాయి, అటు పోయాను.

పన్నెండో రోజున మద్రాసు నుంచి రైల్లో వచ్చే టీకా మందు తీసుకోవడానికి బెజవాడ వచ్చాను. సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది అది. తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టుకుని, దారిలో కొట్టు దగ్గర ఆగాను. అదే సమయానికి మామ్మ ఆరు చీరల మూటతో వచ్చింది. మెట్లెక్కలేదు. మూట గడప మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడింది. మా నాన్న అలవాటు కొద్దీ తనకే నవ్వొచ్చేంత తక్కువ ధర చెప్పాడు.

“సరేనండి,” అంది మామ్మ.

మా నాన్న చేతిలో ఉన్న గజం బద్ద అలాగే ఉండిపోయింది.

“ఇంట్లో అందరూ బాగున్నారా, మామ్మా?” అన్నాను.

“బాగున్నాం నాయనా,” అని, ఇచ్చిన డబ్బు కొంగున కట్టుకుని గబగబా బస్సుల వైపు వెళ్ళిపోయింది. నాయనా! పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను అలా పిలవలేదు.

“ముసలిదైపోయిందిరా, బేరం మర్చిపోయింది,” అని మా నాన్న సంబరపడ్డాడు.

నాకు అన్నం సయించలేదు. ఎంత కష్టంలో ఉన్నా బేరమాడే మనిషి, కష్టంలో ఉంటే ఇంకా ఎక్కువ బేరమాడే మనిషి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిందంటే ఆమెకు ధర కన్నా తొందర ఏదో ఉంది. గడప దాటలేదంటే మాకు అంటకూడనిది ఏదో ఉంది. వాళ్ళింట్లో అమ్మవారు పోసింది. ఆ ఇంట్లో నేను ఒక్క గాటు వేసి, మళ్ళీ మొహం చూపించని పసివాడున్నాడు. ఇది చెబితే నా బేరం బయటపడుతుంది, మా కొట్లో మూట కూడా బయటపడుతుంది. ఆఫీసు ముందు నుంచి రెండుసార్లు నడిచాను, లోపలికి వెళ్ళకుండా. మూడోసారి వెళ్ళాను.

నా మాట విని ఆఫీసులో గుమాస్తాలు నవ్వారు. బేరమాడకపోవడం ఏ రోగానికి లక్షణమండీ అన్నాడొకడు. డాక్టరుగారు నవ్వలేదు.

“మామూలుగా ఎంతసేపు ఆడుతుంది?”

“గంటకి తక్కువ కాదండి.”

“ఇవాళ?”

“ఒక్క మాట కూడా లేదండి.”

“ఇది చాలు. పద,” అని కోటు తగిలించుకున్నారు.

దారిలో కొట్టు దగ్గర కారాపి చీరల మూట ఆఫీసు మనిషికి అప్పగించి, ఉడకబెట్టించమన్నారు. “కొత్త చీరలు ఉడకబెట్టడమేంటండీ, అవేమన్నా దుంపలా?” అని మా నాన్న వీధిలోకి వచ్చి అరుస్తూనే ఉన్నాడు. అరుస్తుండగానే మా నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి డాక్టరుగారు నాలుగు గాట్లూ వేసేశారు.

బందరు కాలువ గట్టున కారు పోతుండగా ఒక్క గాటు సంగతి చెప్పాను. ఆయన నా వైపు తిరిగారు.

“ఎనిమిదో రోజు చూశావా?”

“లేదండి.”

“తగ్గించింది నువ్వు. పెంచాల్సిందీ నువ్వే. అక్కడ బేరంలో నేను నోరు విప్పను.”

మేం వెళ్ళేసరికి మగ్గం చప్పుడు లేదు. గుమ్మానికి వేపమండలు. అప్పుడే బస్సు దిగి వచ్చిన మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డాక్టరుగారు బూట్లు విప్పి, చేతులు కట్టుకుని, ఆమె తప్పుకునేదాకా ఎండలో నిలబడ్డారు. లోపల కొడుకు అరిటాకుల మీద పడుకుని ఉన్నాడు, మొహం నిండా పొక్కులు. ఎప్పుడు మొదలయ్యాయో అతన్నే అడిగి తెలుసుకుని నా పక్కకి వచ్చారు.

“రెండు రోజులైంది. పసివాడికి ఇవాళ వేస్తే ఆశ ఉంది. రేపంటే నేను చెప్పలేను.”

పిల్లవాడి చెయ్యి చూశాను. నున్నగా ఉంది. నా గాటు ఎక్కడ వేశానో వెతుక్కోవాల్సి వచ్చింది.

“నాలుగు వెయ్యాలి, మామ్మా.”

“ఇంట్లో అమ్మవారుండగా ఇనుము ముట్టిస్తావా? అయినా ఆ రోజు ఒకటి చాలన్నావుగా. ఆ రోజు చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పేది అబద్ధమా?”

“ఆ రోజుదే అబద్ధం.”

మా వంశంలో ఎవరూ ఎదుటి బేరగాడితో అనని మాట అది. వీధివాళ్ళంతా గుమ్మం దగ్గర మూగారు.

“ఎందుకు చెప్పావురా మరి?”

“తొందరగా అయిపోతుందని. మంచి పనివాణ్ణనిపించుకోవాలని.”

మామ్మ గుమ్మం వైపు తిరిగింది. నాకు కాదు, వాకిట్లోవాళ్ళకి వినిపించేలా అంది: “వేయించుకుంటాం, సరే. రేపు బెజవాడంతా తెలుస్తది. మా వీధి చీర ఎవడు కొంటాడు? పొక్కులొచ్చి కొందరు పోతే, పస్తులుండి అందరం పోతాం.”

డాక్టరుగారి వైపు చూశాను. ఆయన మాట మీద నిలబడే మనిషి కదా, వాసాలు చూస్తున్నారు.

“మా నాన్న కొంటాడు. ఈ ఇంటి గుడ్డ ఉడకబెడతాం. మిగతావాళ్ళంతా మళ్ళీ నాలుగేసి వేయించుకోండి. మీ సరుకు నేనే మోసుకెళ్ళి మా గద్దె మీద పెడతాను.”

“మీ నాన్ననడిగావా?”

“లేదు.”

“అడిగితే?”

“ఒప్పుకోడు.”

మామ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది, చీర అంచు వెలుతురుకి పట్టి చూసినట్టు. తరవాత కోడలి చేతిలోంచి పిల్లవాణ్ణి తీసుకుని చెయ్యి నా ముందుకు చాపింది. నాలుగు వేశాను. వాడి ఏడుపు పూర్తిగా మొదలవకముందే డాక్టరుగారు నోరు విప్పారు.

“పక్కిల్లు.”

దీపాలు పెట్టే వేళకి వీధంతా అయింది.

ఆ తరవాత నేను కుదురుగా లేను. ఎనిమిదో రోజుదాకా ఆగలేక మూడో రోజే వెళ్ళాను, నాలుగో రోజు వెళ్ళాను, ఐదో రోజు బస్సు చెడిపోతే సైకిలు అద్దెకి తీసుకుని వెళ్ళాను. “మాటిమాటికీ వచ్చి చూస్తే పొక్కదురా, అదేమన్నా పాలా పొంగడానికి?” అని మామ్మ కసిరేది. ఈ మధ్యలోనే ఇద్దరు నేతవాళ్ళ చీరలు తీసుకెళ్ళి మా నాన్న ముందు పెట్టాను. ఒక పూటంతా తిట్టాడు. తిట్టి, మామూలు కన్నా తక్కువకి అడిగాడు. నేను గద్దె దిగి, మెట్ల కింద నిలబడి, వాళ్ళ తరఫున మా నాన్నతో బేరమాడాను. ఆయనకి ఇష్టమైన బేరం కాదది. కానీ కొన్నాడు.

ఎనిమిదో రోజుకి పిల్లవాడి చేతి మీద మూడు గాట్లు పొక్కాయి. అయినా ఇంకో వారం దాటేదాకా ఏమీ అనలేమన్నారు డాక్టరుగారు. కొడుకు బతికాడు, మొహం మారిపోయింది. పిల్లవాడికి రెండు రోజులు ఒళ్ళు కాలింది. ఆ రెండు రోజులూ నేను మామ్మ అరుగు మీంచి కదల్లేదు.

పదహారో రోజు పొద్దున వాణ్ణి వెలుతురులోకి తెచ్చి, చొక్కా విప్పి, అరికాళ్ళు కూడా తిప్పి చూశాను. చేతి మీది మూడూ తప్ప ఎక్కడా ఒక్క పొక్కు లేదు. చొక్కా మళ్ళీ తొడగబోయాను.

“నాలుగోది పొక్కలేదు. దాని సంగతేంటి?” అంది మామ్మ.

నాలుగో గాటు మీద వేలు పెట్టి చూశాను. పిల్లవాడు నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. చేతులు కడుక్కోలేదని గుర్తొచ్చి, చప్పున లాక్కున్నాను.