మామ్మ నిజం చెప్పిన రోజు

నా చిన్నప్పుడు భిలాయి సెక్టర్ సిక్స్‌లోని మా క్వార్టర్‌లో తెల్లవారగానే స్టవ్ మీద మరిగేది కాఫీ కాదు, మా మామ్మ గాజు సిరంజి. మామ్మంటే నాన్నకు తల్లి. ఆవిడకు చక్కెర జబ్బు. వాడి పారేసే సూదులు అప్పుడెక్కడివి? సిరంజినీ సూదినీ గిన్నెలో వేసి మరగబెట్టాలి. ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ మందు సీసాను డబ్బాలో పెట్టి, మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో ఉంచేవాళ్లం. మందు ఎంత లాగాలో, తొడ మీద రోజుకో చోట ఎలా గుచ్చాలో అమ్మకూ నాన్నకూ పక్కింటి అక్క నేర్పింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. విజయనగరం వైపు మనిషి. అమ్మను వదినా అని, నాన్నను అన్నయ్యా అని పిలిచేది. నేను మాత్రం ఆవిడను అక్కా అనేదాన్ని.

నాన్నది ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మామ్మ సూది కూడా షిఫ్టు ప్రకారమే నడిచేది. నాన్న పొద్దున్నే డ్యూటీకి పోయే వారం అమ్మ వేసేది. నైట్ షిఫ్టు వారంలో మాత్రం నాన్న సైకిల్ దిగి, కాళ్లు కడుక్కుని తనే వేసేవాడు. తల్లికి ఆ మాత్రం చేయకపోతే ఎలా అనేవాడు.

మామ్మకు సూదంటే హడలు. నాన్న గిన్నె దించగానే కోడలు వేసేసిందనేది. అమ్మ దించితే కొడుకు వేసేశాడనేది. పైగా ముఖం అమాయకంగా పెట్టేది. మేం పగలబడి నవ్వేవాళ్లం. బెల్లం దగ్గరా ఇదే వరస. నీరసమనీ, కళ్లు తిరుగుతున్నాయనీ ఏదో ఒకటి చెప్పి చిన్న ముక్క కోసం ప్రాణం తీసేది. ముద్దుకేననుకోండి, మా ఇంట్లో మామ్మ మాటను అందరం పట్టించుకోవడం మానేశాం.

ఒక నైట్ షిఫ్టు వారంలో, తర్వాతి డ్యూటీ మనిషి రాక నాన్నను ప్లాంటులో ఆపేశారు. అమ్మ కాసేపు చూసి, పొద్దెక్కుతోందని తనే సూది వేసింది. నేనప్పుడు పాలకు వెళ్లాను, నాకు తెలియదు. అమ్మ మామ్మకు ఉప్మా పెట్టి, సిరంజి కడిగి మళ్లీ మరగబెట్టి, గిన్నె మూత పెట్టి, కిరసనాయిలు వచ్చిందంటే డబ్బా పట్టుకుని లైనుకు పరిగెత్తింది. ఆమె అటు వెళ్లాక నాన్న ఇటు వచ్చాడు. కళ్లు నిద్రతో మూతలు పడుతున్నాయి. మరగబెట్టిన సిరంజి కనిపించేసరికి, తనకోసమే సిద్ధం చేసి వెళ్లిందనుకున్నాడు.

"కోడలు ఏసీసింది రా బాబూ. నీ మీదొట్టు," అంది మామ్మ.

నాన్న నవ్వాడు. ఈరోజు ఒట్లు కూడా మొదలెట్టావా అన్నాడు. మామ్మ తొడకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతిని ఆయన ఎంతో మెల్లగా పక్కకు తీసి, సూది వేసి, వెళ్లి పడుకున్నాడు.

అమ్మ తిరిగొచ్చేసరికి మామ్మ బెల్లం అడుగుతోంది. అమ్మ విసుక్కుంది. ఇంకాసేపటికి మామ్మకు చెమటలు పట్టి జాకెట్టు తడిసిపోయింది. చేతులు వణికాయి, మాట తడబడింది. షుగర్ ఎక్కేసిందని అమ్మ హడలిపోయి నాన్నను లేపింది, బెల్లం డబ్బా తీసి అటక మీద పెట్టింది. రెండు సూదులకు చక్కెర పడిపోయిన ఆ ఒంటికి అప్పుడు కావలసింది తీపి ఒక్కటే. దాన్నే అందకుండా దాచారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

నేను పరిగెత్తి పక్కింటి అక్కను పిలుచుకొచ్చాను. అప్పటికే మామ్మకు తెలివి లేదు. అక్క అడిగింది ఒక్కటే.

"సూది ఎవులు ఏసినారు?"

నేనంటే నేనని అమ్మా నాన్నా ఒక్కసారే అన్నారు. అని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ గబగబా పంచదార నీళ్లు తెచ్చి నోట్లో పోయబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. తెలివి లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయంది. మామ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిపిన పంచదార వేలితో బుగ్గ లోపల రాస్తూ, నాన్నను అంబులెన్సు కోసం తరిమింది.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. మామ్మ బతికింది. బతికిందనడమే గానీ మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. నాన్న ఆ తర్వాత సిరంజి ముట్టుకోలేదు. అమ్మ కూడా ఆ గిన్నె జోలికి పోలేదు. ఇక రోజూ అక్కే వచ్చి సూది వేసేది, మామ్మ పాదాల్లో పుండ్లేమైనా లేచాయేమోనని వేళ్ల సందులు కూడా చూసేది. సూదికి ముందు మంచం పక్కన కూర్చుని, "ఈ పూట సూది పడిందా మామ్మా? ఏటైనా తిన్నావా?" అని అడిగేది. అడిగి, ముఖంలోకి చూస్తూ ఆగేది. మాట పోయిన మనిషిని ఇదేం అడగడమని నాన్నకు కష్టంగా ఉండేది. తనను ఎత్తిపొడుస్తోందనుకున్నాడు పాపం.

ఒకరోజు మామ్మ ఎడమచేత్తో అక్క చేతిని తోసేసింది. అక్క వెంటనే సిరంజి గిన్నెలో పెట్టేసింది. ఇప్పుడే గిన్నెడు జావ తాగించానని అమ్మ అంది. అక్క మామ్మ నోరు తెరిచి చూసింది. జావ బుగ్గలోనే ఉండిపోయింది. మిగిలింది మెడ కింది తువ్వాలులోకి కారిపోయింది. కడుపులోకి చుక్క దిగలేదు. ఆ పూట సూది వేసి ఉంటే ఏమయ్యేదో మాలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

నాన్న గుమ్మంలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నతల్లి చెప్పింది, నేను నవ్వేశాను, అని అదే మాట పదే పదే అన్నాడు. ఊరుకోమని అక్క అనలేదు. నీ తప్పేం లేదని అబద్ధం కూడా చెప్పలేదు.

"మందు లాగడం నేర్పినాను, గుచ్చడం నేర్పినాను అన్నయ్యా. మనిషి వద్దంటే ఆగాలని నేర్పనేదు. ఆ తప్పు నాది. అబద్ధమే ఆడనీ, ఆగి కనుక్కుంటే ఏటి పోతాది?"

మామ్మ ఆ చలికాలం దాటలేదు.

నేనూ నర్సునే అయ్యాను. ఇందాకే వేశారు కదమ్మా అని రోగి ఎవరైనా అంటే ట్రే కింద పెట్టేసేదాన్ని. చార్టు చూసేదాన్ని, ముందు డ్యూటీ అమ్మాయిని అడిగి వచ్చేదాన్ని. చాలాసార్లు వాళ్లు మరిచిపోయి అన్నదో, తప్పించుకోవడానికి అన్నదో అయ్యేది. అయితే అయింది. చాదస్తమని కొత్తపిల్లలు నా వెనక అనుకునేవారు, అననిచ్చాను. కానీ రోగి మాటకు నా ముందు ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. రిటైరయ్యాక కూడా ఆ నవ్వు ఎక్కడైనా వినిపిస్తే లేచి వెళ్లి కనుక్కుంటాను. మా నాన్న చెడ్డవాడు కాదు. తల్లంటే ప్రాణం. ఆ రోజు ఆయన నవ్వింది కూడా ముద్దుగానే.