కొలంబ గుండిగ దగ్గర బియ్యం పిల్ల

ఆర్మిదా వెర్చెల్లి వరిపొలాల నుంచి లిగూరియాలోని ఈ పలకరాతి కొండ మీదికి కోడలుగా వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఇద్దరు పిల్లల్ని కన్నది, మగవాళ్లతో సమానంగా పలకల మోపులు తలకెత్తుకుంది, మామగారికి ఆఖరి రోజుల్లో చాకిరీ చేసింది. అయినా ఊరికి ఆమె ఇప్పటికీ "బియ్యం పిల్లే". బియ్యం తిని పెరిగిన మనిషికి మినెస్ట్రోనె అనే చిక్కటి కూరగాయల పులుసు వండడం ఏం చేతనవుతుందని అందరి నమ్మకం. అందరికంటే గట్టి నమ్మకం అత్తగారు కొలంబది.

ఆగస్టులో సాన్ లొరెంజో పండుగనాడు పూజ కాగానే ఊరంతా తినే మినెస్ట్రోనె కొలంబ ఇంటి గుండిగలోదే. నలభై ఏళ్లుగా ఆ గుండిగను ఇంకొకరు ముట్టుకున్నది లేదు. ఆ ఏడు పండుగకు పదిరోజుల ముందు మెట్ల మీద జారి కొలంబ చేయి విరిగింది. కూతురు యొలాండాకు పిండి పిసకడం తప్ప వంట రాదు.

"ఏమే, నువ్వే చెయ్యాలి," అంది కొలంబ కోడలితో, చేదు మందు మింగినట్టు. "ఊళ్లో నా పరువు తీశావంటే మాత్రం ఊరుకోను."

ఆర్మిదా తెల్లవారకముందే లేచింది. చారల చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, జుకినీ, క్యాబేజీ అన్నీ ఒకేసారి చన్నీళ్లలో వేసి, ఎండిన చీజ్ చెక్కులు అడుగున పడేసి, నాలుగు గంటలు సన్నని సెగ మీద ఉంచింది. గింజలు సగం చిదిమి మళ్లీ కలిపింది. చివర్లో పొట్టి గొట్టాల పాస్తా వేసి, ఉడకగానే మంట తీసేసి, రోట్లో నూరిన బేసిల్ ఆకు పచ్చడి కలిపింది. ఇక ఆరడమే మిగిలింది. మినెస్ట్రోనె గోరువెచ్చగా తినాలి, గుండిగలో గరిటె దానంతటది నిలబడాలి. ఈ రెండూ కొలంబ చెప్పలేదు. పంతొమ్మిదేళ్లు పక్కన నిలబడి చూసి నేర్చుకుంది.

పూజ ముగిసే వేళకు వాన దంచికొట్టింది. జనం వణుకుతూ చర్చి అరుగు మీద, గుండిగ దించి ఉన్న చూరు కిందికి చేరారు. యొలాండా గబగబా కట్టెలు పేర్చి గుండిగ కిందికి తోయబోయింది.

"వదినా, అందరూ చలికి చస్తున్నారు, కాస్త వేడిచేద్దాం!"

"ముట్టుకోకు!" ఆర్మిదా చేయి అడ్డం పెట్టింది.

"అబ్బో! మా ఊరి వంట మాకే నేర్పుతున్నావా?"

"అవును, నేర్పుతాను. పచ్చడి కలిపాక మంట చూపిస్తే ఆకు నల్లబడి గడ్డివాసన వస్తుంది. చలేస్తే వైన్ తాగమను!"

అరుగు మీద అందరూ తల తిప్పి చూశారు. ఇన్నేళ్లలో ఆర్మిదా గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఆమె పక్కకు జరగలేదు. గరిటె తీసి గుండిగ మధ్యలో గుచ్చి వదిలేసింది. అది నిటారుగా నిలబడింది, అంగుళం కూడా వాలలేదు.

గిన్నెలు నిండాయి. మాటలు ఆగిపోయి చెంచాల చప్పుడే మిగిలింది. కాసేపటికి గని మేస్త్రీ బచ్చిన్ ఖాళీ గిన్నె ఎత్తి చూపించాడు.

"కొలంబా, చేయి విరిగినా చేతి రుచి పోలేదే! నలభై ఏళ్లలో ఇలాంటిది తినలేదు!"

ఆర్మిదా అత్తగారి వైపు చూసింది. ముసలిది ఊ అంటే చాలు, ఈ ఉదయపు కష్టమంతా ఆమెదైపోతుంది. ఇంతకుముందు వేరే పనుల్లో అలా చాలాసార్లే జరిగింది.

కొలంబ గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది. తీరిగ్గా నమిలింది.

"నాకు వట్టి నోటి రుచే మిగిలింది బచ్చిన్. వండింది మా కోడలు. నిజం చెప్పాలంటే నాది ఇంత చిక్కగా ఎప్పుడూ కుదరలేదు." ఆపైన అరుగు అదిరేలా అరిచింది. "ఇకనుంచి దాన్ని పేరు పెట్టి పిలవండర్రా! ఆర్మిదా!"

ఆర్మిదాకు పట్టలేని ఆనందం వచ్చింది. వండినమ్మ ఆఖర్న తినాలన్న ఆనవాయితీని ఆ రోజుకు పక్కనపెట్టి, అన్నిటిలోకీ పెద్ద గిన్నె వెతికి, అంచుదాకా నింపుకుని, ఊరందరి ఎదుటా కూర్చుని తిన్నది.