నిండు బ్యాటరీ

కరుణమ్మ పంతులమ్మ గురించి మా ఊళ్ళో ఎవరినడిగినా ముందు బ్యాటరీ సంగతే చెబుతారు. గురజాలకు ఇవతల, మా మిరపచేను గట్టును ఆనుకుని మిషన్ బడి ఉండేది. బడి వెనక ఒంటిగది పెంకుటిల్లు, అందులో ఆమె ఒక్కతే. భర్త పోయాక బదిలీ మీద మా ఊరు వచ్చింది. పిల్లల్లేరు. వస్తూ తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక రేడియో. ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. కారు బ్యాటరీ తగిలిస్తేనే ఆ రేడియోకు నోరు పెగిలేది.

కారు లేని మనిషికి కారు బ్యాటరీ ఎందుకని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బ్యాటరీ దిగిపోయినప్పుడల్లా, బడికి సెలవైన శనివారం పొద్దున, దాన్ని గోనెసంచిలో పెట్టి, సంచి మూతికి తాడు కట్టి, నరసరావుపేట బస్సెక్కేది. అక్కడ బస్టాండు వెనక సత్తార్ అనే ముసలాయనకు బ్యాటరీలు చార్జింగు చేసే కొట్టు ఉండేది. పొద్దున పెడితే సాయంత్రానికి ఎక్కేది. ఆమె ఆఖరి బస్సుకు ఇల్లు చేరేది. యాసిడ్ చింది చీరలన్నీ చిల్లులే. బస్సువాడి సణుగుడు సరేసరి. ఒక్క రేడియో కోసం రోజంతా బుగ్గిపాలు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ఊళ్ళో నన్ను గయ్యాళి రామాయమ్మ అంటారు, అంటే అననీ.

"పేటకెందుకు పోవటం? మన మిల్లు ఇంజనుకి డైనమో తగిలించారంట. అక్కడ పెట్టించు" అన్నాను.

నా పోరు పడలేక ఒకసారి పెట్టించింది. నేనూ వెంట ఉన్నాను. ఎక్కడమైతే గంటన్నరలో ఎక్కింది గానీ, చేయి పెట్టి చూస్తే బ్యాటరీ కాలిపోతోంది. నాలుగో నాటికి రేడియో గొంతు పీలగా అయిపోయింది.

"అంతే వదినా. తొందరగా ఎక్కింది తొందరగా దిగుద్ది" అంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"సత్తార్ గారు."

ఆమెకు వేదవాక్కు ఏదైనా ఉందంటే బైబిలు తర్వాత ఆయన మాటే.

తర్వాత అరవై నాలుగులో మా ఊరికి కరెంటు వచ్చింది. బడికీ, బడి వెనక ఇంటికీ తీగలు లాగారు. కరెంటుతో పాడే కొత్త రేడియో కొనుక్కోమంటే, వద్దు, ఇదే ఉండనీ అంది. సరే, మొండిదానితో మనకెందుకని, మా ఆయన మిరపకాయలు అమ్మటానికి గుంటూరు పోతుంటే పురమాయించి ఇంట్లో పెట్టుకునే చార్జరు తెప్పించాను. చిన్న ఇనప్పెట్టె, బుయ్యిమని మోగేది. సాయంత్రం తగిలిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నిండేది. నెమ్మదిగా ఎక్కేది కాబట్టి కాలేది కాదు, నిలకడగా నిలిచేది. ఇక బస్సు లేదు, మోత లేదు, రోజు పోవటం లేదు.

"పేటా, మిల్లూ, ఇల్లూ మూడూ పక్కపక్కన పెట్టి నువ్వే చూడు. ఇల్లు నయమా కాదా?" అన్నాను.

"నయమే వదినా" అంది. ఎందుకో మొహంలో ఏ వెలుగూ లేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒక శనివారం చేనుకు పోతూ చూద్దును గదా, గోనెసంచి పక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంది.

"ఏంది పంతులమ్మా, చార్జరు చెడిందా?"

"లేదు వదినా. పేటలో ఎక్కిస్తే చానా రోజులు నిలబడుద్ది."

నాకు ఒళ్ళు మండింది. ఆ ముసలాడు ఈ అమాయకురాలి చెవిలో పువ్వు పెడుతున్నాడు అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి శనివారం ఇదే వరస. ఇక లాభం లేదని, బట్టలు కొనే పనుందని చెప్పి ఒకసారి నేనూ బస్సెక్కాను. ఆయన్ని నాలుగు దులిపేసి రావాలని నా ఉద్దేశం.

కొట్టు నేననుకున్నట్టు లేదు. బ్యాటరీలతో నిండి ఉండాల్సిన బల్ల బోసిగా ఉంది. సత్తార్ కరుణమ్మ సంచి అందుకుని, మూతలు విప్పి, గాజు గొట్టంతో యాసిడ్ పైకి లాగి చూశాడు. గొట్టంలోని బొడిపె పైకి తేలింది. బ్యాటరీ నిండుగా ఉంటేనే అది అంత పైకి తేలుతుంది, మిల్లులో చూశాను. అంటే ఇంట్లో నింపుకుని మరీ తెచ్చింది. ఆయన మూతలు బిగించి బ్యాటరీని బల్ల మీద పెట్టాడు. తీగలు తగిలించలేదు. ఆమె అటు చూడనైనా చూడలేదు.

అడిగేద్దామని నోరు తెరిచాను. ఇంతలో సత్తార్ మూడు టీలకు కేకేసి స్టూలు లాక్కున్నాడు.

"కృపాదానం గారైతే ఈ పాటికి రెండో టీ చెప్పేవారు పంతులమ్మా."

"చక్కెర లేదని తిట్టి మరీ తాగేవారు" అని కరుణమ్మ నవ్వింది. నవ్వగా నవ్వగా కళ్ళనీళ్ళు తిరిగాయి.

కృపాదానం ఎవరో అప్పుడు తెలిసింది నాకు. ఆమె భర్త. పేట బడిలో పనిచేసేటప్పుడు ఆ రేడియో కొన్నదీ, మొదటిసారి బ్యాటరీ ఈ కొట్టుకు మోసుకొచ్చిందీ ఆయనే. ఇన్నేళ్ళుగా గట్టుకు అటూ ఇటూ బతుకుతూ ఆ మనిషి పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు. మా ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళే లేరు. భూమ్మీద ఆమెతో ఆయన ముచ్చట చెప్పుకునే మనిషి సత్తార్ ఒక్కడే.

సాయంత్రం సంచికి తాడు కడుతూ సత్తార్ చెప్పాడు. "ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తన్నా పంతులమ్మా. ఇంటింటికీ కరెంటొచ్చింది, బ్యాటరీలు తెచ్చేవాళ్ళు లేరు. ఆదోనిలో అమ్మాయి దగ్గరికి పోతన్నా."

ఆమె బ్యాటరీ వైపు చూసి, "మరి దీన్ని ఎక్కడ ఎక్కించుకోవాలి?" అంది.

"ఇంట్లోనే ఎక్కించుకో అమ్మా. ఇంటి చార్జరు మంచిదే" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

బస్సులో ఆ సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

సత్తార్ వెళ్ళిపోయాక వచ్చిన మొదటి శనివారం పనంతా వదిలేసి ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పక్కన కూర్చున్నాను. కృపాదానం గారి గురించి అడగాలనే వెళ్ళాను. తీరా కూర్చున్నాక, చూడని మనిషి గురించి ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మిరపచేనుకు పట్టిన ముడత తెగులు గురించి చెప్పాను. ఆమె ఊకొడుతూ మర్యాదగా విన్నది. ఇంతలో కాలవ మలుపులో పేట బస్సు హారన్ మోగింది. ఆమె చేయి దానంతటదే అరుగు పక్కకు పోయి, అక్కడ లేని సంచి తాడు కోసం తడుముకుంది.